గరిక చదువు



మన రైతుకు గరికంటే గిట్టదు. గెట్టు మీద నాలుగు పోచలు కనిపించాయంటే, వానాకాలం గడిచేసరికి అది మడిలోకి పాకి కూర్చుంటుంది. పారతో తవ్వి, ఏరి, ఎండలో పడేసినా, ఎక్కడో ఒక కణుపుకు తడి తగిలిందంటే మళ్లీ వేరు పట్టేస్తుంది. వినాయక చవితినాడు పత్రిలో దానికి ఒక్క పూట మర్యాద దక్కుతుంది. మర్నాటి నుంచి మళ్లీ గడ్డిమందే. అదే గరికను కోట్లు ఖర్చుపెట్టి పెంచి, రోజూ తెల్లారకముందే కోసి, చిన్న మచ్చ కనిపిస్తే నిపుణుణ్ని పిలిపించి చూపించే చోట్లు ఉన్నాయి. అవి గోల్ఫ్ మైదానాలు. ప్రపంచం మొత్తం మీద 38,000 పైచిలుకు ఉంటాయని లెక్క. వేడి దేశాల్లో ఉన్నవి చాలావరకు గరిక జాతి గడ్డి మీదనే నడుస్తున్నాయి.

నేను డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పే మాస్టర్‌ని. గోల్ఫ్ కర్ర పట్టుకొని బంతి కొట్టడం నాకు రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు. నేను మాట్లాడబోయేది ఆ ఆట చుట్టూ ఉన్న ఉద్యోగాల గురించి, ఆ ఉద్యోగాలకు పిల్లలను తయారుచేసే కాలేజీ మాస్టర్ల గురించి. పెద్దపల్లిలో కూర్చొని గోల్ఫ్ ముచ్చటేందని కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. క్లాసులో ఎత్తుకుంటే మా పిల్లలూ అట్లనే నవ్వారు. "సార్, గది దొరల ఆట. మనకెందుకు సార్?" అన్నాడు వెనక బెంచీ పిల్లగాడు. దొరల ఆటే, కాదనలేం. 1829లో కలకత్తాలో తెల్లదొరలు పెట్టుకున్న క్లబ్బు ఇప్పటికీ ఉంది. బ్రిటిష్ దీవుల బయట అంత పాతది మరొకటి లేదు. విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ క్లబ్బు 1884 నాటిది. మన హైదరాబాదులో గోల్కొండ కోటకు ఆనుకొని ఉన్న నయాఖిల్లాలో, ఆ బ్రహ్మాండమైన హతియాన్ ఝాడ్ చెట్టున్న చోట ఒక మైదానం ఉంది. గచ్చిబౌలి బండల నడుమ బౌల్డర్ హిల్స్ ఉంది. సికింద్రాబాదులో సైన్యం వాళ్లది ఇంకొకటి. దేశం మొత్తం మీద రెండు వందలకు పైనే ఉంటాయి. పెద్దపల్లి స్టేషన్‌లో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఒక పూట ప్రయాణంలో ఉన్నవే ఈ హైదరాబాదు మైదానాలు. ఆడేది దొరలే కావచ్చు. ఆ గడ్డిని బతికించేది మాత్రం వాళ్లు కాదు. నా ముచ్చటంతా అక్కడే ఉంది.

ఆట తెలియని వారికోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. ఒక మైదానంలో 18 గుంతలుంటాయి. ఒక్కో గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు. బంతి బరువు 46 గ్రాములకు లోపే. దూరం నుంచి కొట్టుకుంటూ వచ్చి ఆ బంతిని గుంతలో పడేయాలి, ఎన్ని తక్కువ దెబ్బల్లో పడేస్తే అంత గొప్ప. గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మడిని గ్రీన్ అంటారు. మైదానం మొత్తం నూటయాభై ఎకరాల దాకా ఉంటుంది. గ్రీన్ మాత్రం ఒక్కొక్కటి ఐదారు గుంటలు. పద్దెనిమిది కలిపితే రెండున్నర ఎకరాలు. ఆ రెండున్నర ఎకరాల మీదనే మైదానం పరువంతా ఆధారపడి ఉంటుంది. అక్కడ గడ్డి ఎత్తు మూడు, నాలుగు మిల్లీమీటర్లు. ఒక బియ్యపు గింజ పొడవు కూడా కాదు.

మనకు తెలిసిన ఏ పంటనైనా అంత పొట్టిగా రోజూ కోస్తే బతుకుతుందా? ఇక్కడొక శాస్త్రవేత్త పేరు చెప్పాలి, గ్లెన్ బర్టన్. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో టిఫ్టన్ అనే ఊళ్లోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసేవాడు. అసలు పని పశువుల మేత. మన గరికను, దక్షిణాఫ్రికాకు చెందిన దాని సన్నటి దాయాదిని కలిపిన సంకరాల్లోంచి టిఫ్‌గ్రీన్ అనే గడ్డిని ఇచ్చాడు. అది 1956. దాని నుంచే ఇంకా పొట్టిది, టిఫ్‌డ్వార్ఫ్, 1965లో వచ్చింది. ఊరి పేరులోని మొదటి ముక్క గడ్డి పేర్లకు ఎక్కింది. ఈ సంకర గరికకు గింజ పట్టదు. తల్లి వైపు నుంచి రెండు వంతులు, తండ్రి వైపు నుంచి ఒక వంతు క్రోమోజోములు కలిసి మూడు వరుసలై, జతకు అందక గొడ్డుపోతుంది. కాబట్టి కణుపులు తెంపి నాటడం తప్ప దారి లేదు. వేడి దేశాల్లో గ్రీన్‌ల రూపం మార్చింది ఈ గడ్డే.

పిల్లలకు నేను ఇంతటితో ఆపను, ఎందుకంటే అదే బర్టన్ మన సజ్జ చేన్లలోకి కూడా వచ్చాడు. సజ్జలో మగ పుప్పొడి పనిచేయని ఒక వరుసను ఆయన టిఫ్టన్‌లోనే తయారుచేశాడు. దాని పేరు టిఫ్ట్ 23ఏ. అది ఇండియాకు వస్తే, లూధియానాలో దాన్ని ఆధారం చేసుకొని మన దేశపు మొదటి హైబ్రిడ్ సజ్జ హెచ్‌బీ-1 తీశారు. ఏడాది మళ్లీ 1965. దేశంలో సజ్జ దిగుబడి ఎగబాకింది ఆ తర్వాతనే, వెర్రి కంకి తెగులు వచ్చి దెబ్బతీసిందీ ఆ తర్వాతనే. ఒకే ఏడాది, ఒకే మనిషి చేతి పని పేదవాడి సంగటి ముద్దకూ, దొర ఆడే గ్రీన్‌కూ చేరింది. "గడ్డి మీద పరిశోధనేంది సార్" అని ఇకముందు ఏ పిల్లగాడైనా అడిగితే నా దగ్గర జవాబు ఉంది. వరి కూడా గడ్డే, సజ్జ కూడా గడ్డే. గల్ఫ్‌లో ఉప్పు నీళ్లకు తట్టుకుంటుందని పరిచే గోల్ఫ్ గడ్డి పాస్పాలం, మన అరికెలది కూడా అదే పాస్పాలం ప్రజాతి.

సరే, ఉద్యోగాల దగ్గరికి వద్దాం. మైదానానికి పెద్ద ఒకడుంటాడు, కోర్స్ సూపరింటెండెంట్ అంటారు. ఇంగ్లీషు పేరు చూసి బెదరొద్దు. మన మాటల్లో చెప్పాలంటే నేల, నీరు, మందు, మనిషి, మిషన్ ఈ ఐదింటికీ జవాబుదారీ అయిన పెద్ద సేద్యగాడు. ఆయన కింద నీటి పైపులు, మోటార్లు, స్ప్రింక్లర్లు చూసే వాళ్లు, మందు కొట్టే వాళ్లు, కోత మిషన్లు నడిపేవాళ్లు, వాటి బ్లేళ్లు నూరి సరిచేసే మెకానిక్కులు. ఇంకో పక్క ఆట నేర్పే కోచ్‌లు, బుకింగులు చూసేవాళ్లు, దుకాణం, హోటలు, లెక్కలు, పోటీలు జరిపించేవాళ్లు. బ్యాగు మోసే క్యాడీలు వేరు. ఈ క్యాడీల సంగతి వేరే ప్రసంగంగా చెప్పదగ్గది. ఢిల్లీ క్లబ్బులో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. బెంగళూరు దగ్గర బిడదిలో బంతులు ఏరుకుంటూ పెరిగిన చిక్కరంగప్ప ఈ రోజు పేరున్న ప్రొఫెషనల్. మన తెలుగింటి బిడ్డ సాహిత్ తీగల, హైదరాబాదు నుంచి వెళ్లిన తల్లిదండ్రుల కొడుకు, 2023 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి అమెరికా పెద్ద టూర్‌లో తొలి టైటిల్ అందుకున్నాడు. అట్లాంటివాళ్లు లక్షకొకరు. అందుకని క్లాసులో నేను వాళ్ల పేర్లు చెప్పి ఊరిస్తూ కూర్చోను. మన పిల్లలకు చేతికందేది మొదట చెప్పిన వరుస.

ఆ వరుసలోకి చదువు ఎట్లా వచ్చిందో చూడండి. స్కాట్లండ్‌లో సెయింట్ ఆండ్రూస్ అనే ఊళ్లో టామ్ మోరిస్ అనే ఆయన ఉండేవాడు, చేనేత ఇంట పుట్టినవాడు. మన సిరిసిల్ల వాళ్లు వింటుంటే గర్వపడొచ్చు. ఓపెన్ పోటీ నాలుగుసార్లు గెలిచాడు, నలభై ఏళ్ల దగ్గరదాకా ఆ ఊరి మైదానం కాపలా, పోషణ ఆయన చేతిలోనే. గడ్డి మీద ఇసుక చల్లితే అది గట్టిపడి నున్నగా వస్తుందని ఆయన చేసి చూపించాడు. ఇప్పటికీ అన్నిచోట్లా ఆ పద్ధతే. ఇక గడ్డి కోసే మిషన్ కథ కూడా బట్టల మిల్లు నుంచే వచ్చింది. 1830లో ఇంగ్లండ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ అనే మిస్త్రీ, ఉన్ని బట్ట మీద నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి, అదే పద్ధతిలో గడ్డి కోసే మిషన్ చేశాడు. గ్రీన్‌ల మీద నేటికీ తిరిగేది ఆ రోలరు బ్లేళ్ల మిషనే.

చాలా కాలం ఈ పని తండ్రి నుంచి కొడుక్కు, మేస్త్రీ నుంచి కూలీకి వచ్చింది. దాన్ని కాలేజీలోకి తెచ్చిన వాళ్లలో ముందువరుసలో ఉండేవాడు ప్రొఫెసర్ లారెన్స్ డికిన్సన్. అమెరికాలో మసాచుసెట్స్ వ్యవసాయ కళాశాలలో, 1927లో, మైదానాల్లో పనిచేసే వాళ్ల కోసం చలికాలపు బడి పెట్టాడు. పది వారాల చదువు. చలికాలమే ఎందుకంటే అక్కడ మంచు కప్పేసి మైదానాల్లో పని ఉండదు, మనుషులు ఖాళీగా ఉంటారు. నాకు ఇందులో నచ్చింది ఆ సిలబస్ కాదు. ఆ బెంచీల మీద కూర్చున్నది ఇంటర్ పాసైన పిల్లలు కాదు, అప్పటికే చేతులు కాయలు కాచిన పనివాళ్లు. పని వచ్చినవాడికి, ఆ పని ఎందుకు అట్లా చేస్తున్నాడో చెప్పడం ఆ బడి ఉద్దేశం. తర్వాత చాలా వచ్చాయి. 1975లో మిషిగన్‌లో ఫెర్రిస్ స్టేట్ కాలేజీ గోల్ఫ్ నిర్వహణలో ప్రత్యేక కోర్సు మొదలుపెట్టింది. అట్లాంటి కోర్సుల్లో పదహారు నెలలు పిల్లలు మైదానాల్లోనే పనిచేయాలి. స్కాట్లండ్‌లో ఎల్మ్‌వుడ్ కాలేజీకి పాఠాల కోసమే సొంత 18 గుంతల మైదానం ఉండేది. మన దగ్గర భారత గోల్ఫ్ యూనియన్ 1955 నుంచి ఉంది. దాని నీడలో నడిచే నేషనల్ గోల్ఫ్ అకాడమీ కోచ్‌లకు శిక్షణ ఇస్తుంది. కోచ్‌లకు. గడ్డి చూసేవాడికి కాలేజీ చదువు మన దగ్గర ఇంకా పలుచనే.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. పెద్దపల్లి, జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్ పోని ఇల్లు ఏది? పోయినవాళ్లలో గార్డెన్ పనికి కుదిరినవాళ్లు చాలామంది. దుబాయిలో ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్ 1988లో మొదలైంది. ఆ ఇసుక దేశాల్లో పూర్తిగా పచ్చగడ్డితో తెరిచిన మొదటి మైదానం అదే. మరుసటి ఏడాది నుంచి ప్రపంచ స్థాయి పోటీ జరుగుతోంది. దాని వెనక ఇంకా ఎన్నో లేచాయి. ఎడారిలో గడ్డి దానంతటదే మొలవదు. నీళ్లు పెట్టాలి, ఉప్పు కడగాలి, కోయాలి, తుంగ పీకాలి. ఆ పనికి ఎక్కడెక్కడి నుంచో మనుషులు కావాలి, మన వాళ్లూ అక్కడే ఉన్నారు. క్యాంపులో ఉండి, తెల్లవారుజామున బస్సెక్కి, ఎండ ముదరకముందే కోత అయిపోయేలా పనిచేసినవాళ్లు. పదేళ్లు చేసి తిరిగొచ్చిన మనిషి పాస్‌పోర్టులో ఏమని ఉంటుంది? లేబర్ అని. అతని పక్కన నిలబడి పని చెప్పేవాడు వేరే దేశం డిప్లొమా పట్టుకొని వచ్చినవాడు. ఇద్దరి జీతాల మధ్య తేడా నేను చెప్పక్కర్లేదు, ఇంట్లో ఆడవాళ్లను అడిగితే చెబుతారు.

అందుకని నాకు అనిపించేది ఒకటే. మన కాలేజీలు గోల్ఫ్ పేరుతో ఏదైనా చేయాలంటే ఆటను కాదు, గడ్డిని నేర్పాలి. అదీ కూలీ పని లెక్కన కాదు, శాస్త్రం లెక్కన.

ఈ మాట అన్నప్పుడు మా విద్యార్థి తండ్రి ఒకాయన సూటిగా అడిగాడు: "సారూ, గడ్డి కోసుడు నేర్చుకోవడానికి మా పోరడు కాలేజీకి రావాల్నా? గది ఇంటికాడ నేను నేర్పనా?" నేను వెంటనే ఏం చెప్పలేకపోయాను. ఆయన మాటలో ఎగతాళి కంటే భయం ఎక్కువ ఉంది. తాను కొడవలి పట్టిన చేయి, కొడుకు కూడా అదే పడతాడేమోనని. వ్యవసాయం చేసే ఇళ్లలో ఈ భయం ఉంటుంది, దాన్ని ఉపన్యాసంతో తీసేయలేం. కాలేజీ నేర్పేది కొడవలి కింద ఉన్న నేల గురించి అని చేసి చూపించాలి.

చూపించడం అంటే ఏమిటో గ్రీన్ కట్టే పద్ధతితో చెబుతాను. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ఒక కొలత ఇచ్చింది. కింద పది సెంటీమీటర్లు కంకర, దాని మీద ముప్ఫై సెంటీమీటర్లు ఇసుక మిశ్రమం, పైన గడ్డి. కంకర కింద పైపులు. వరి పండించే ఇంటి పిల్లవాడికి ఇది తల్లకిందులుగా కనిపిస్తుంది. మనం దమ్ము చేసి, బురద తొక్కి, నేల రంధ్రాలు మూసి నీళ్లు దిగకుండా చూస్తాం. అక్కడ ఎంత వాన పడినా గంటలో ఆట ఆడేటట్లు నీళ్లు దిగిపోవాలి. కానీ దిగిపోతే గడ్డి ఎండదా? ఇక్కడే కిటుకు. సన్నటి ఇసుకలోంచి నీళ్లు దొడ్డు కంకరలోకి అంత తేలిగ్గా దూకవు. ఇసుక సందులు సన్నం, అవి నీటిని పట్టి ఉంచుతాయి. ఇసుక పొర అడుగు భాగం నిండా తడిస్తేనే మిగిలిన నీళ్లు కిందికి జారతాయి. అంటే వేర్లకు ఎప్పుడూ కొంత తడి అట్టిపెట్టి, ఎక్కువైందాన్ని వదిలేసే నేల. మా పిల్లలు ఈ ముక్కను ప్లాస్టిక్ సీసాల్లో కంకర, ఇసుక పోసి నీళ్లు పోసి చూశారు. సీసా అడుగున కంకర పొడిగా, పైన ఇసుక తడిగా కనిపించేసరికి ఒకడు ఉన్నచోటనే ఇంటికి ఫోన్ చేశాడు, "నాన్నా, బోరు కాడ కుప్ప ఇసుక అమ్మకు" అని. మానేరు ఒడ్డున పుట్టిన పిల్లలకు ఇసుక విలువ వేరే చెప్పక్కర్లేదు. లారీల లెక్కన మాత్రమే తెలిసిన ఇసుకకు గింజ పరిమాణం అనేది ఒకటుంటుందని అప్పుడే తెలిసింది.

ఇంకా ఉన్నాయి. ఆకు ఎత్తులో మూడో వంతుకు మించి ఒక్కసారి కోయకూడదన్న నియమం, ఎందుకంటే అంతకు మించి పోతే వేరు కూడా ఆగిపోతుంది. బంతి ఎంత వేగంగా దొర్లుతుందో కొలిచే స్టింప్‌మీటర్ అనే గాడి పట్టీ ఉంటుంది, సుమారు మూడడుగుల పొడవు. ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆయన 1935లో మొదట కొయ్యతోనే చేశాడు. ఇంటర్ ఫిజిక్సులో వాలుతలం పాఠం చెప్పేవాళ్లు ఒక పూట వడ్రంగి దగ్గర కూర్చుంటే అది తయారవుతుంది. తెగుళ్ల దగ్గరకొస్తే మన వాళ్లు బాగా ముందుంటారు. వరిలో అగ్గి తెగులు తెచ్చే శిలీంధ్రమే అమెరికాలో 1990లలో రైగ్రాస్ మైదానాలను కాల్చేసింది. మన కాల్వశ్రీరాంపూర్ మండలంలో కూనారం పరిశోధన స్థానం ఉంది. కూనారం సన్నాలు పండించని రైతు ఈ వైపు తక్కువ. అక్కడి శాస్త్రవేత్తలకు అగ్గి తెగులు కొత్తది కాదు. ఒక రోజు మన పిల్లలను తీసుకుపోయి, వరి ఆకు మీద కనిపించే నూలుకండె ఆకారం మచ్చను చూపించి, గడ్డి మైదానం ఫొటో పక్కన పెడితే చాలు.

నీళ్ల లెక్క కూడా దాచకుండా చెప్పాలి. ఎకరంలో ఐదు మిల్లీమీటర్ల నీళ్లు పెడితే సుమారు 20,000 లీటర్లు. ఒక మైదానంలో ఎనభై ఎకరాలు తడపాలనుకుందాం. ఎండాకాలం ఒక్క రోజుకు 16 లక్షల లీటర్లు. మనం ఎల్లంపల్లి నీళ్ల కోసం, కాకతీయ కాలువలో వంతు కోసం రాత్రిళ్లు తూముల దగ్గర పడుకునేవాళ్లం. కొద్దిమంది సభ్యుల ఆటకు ఇన్ని నీళ్లు, ఇంత భూమి ఎందుకని అడిగే హక్కు మనకుంది. నేనూ అడుగుతాను. మన వరి తక్కువేం తాగదు, అది వేరే సంగతి, అది అన్నం పెడుతుంది. మంచి మైదానాలు పట్నం మురుగు నీటిని శుద్ధిచేసి వాడుకుంటున్నాయి, అట్లా వాడనివాటికి నా ఓటు లేదు. నేలలో తడి ఎంతుందో కొలిచి, ఏ మూలకు ఎంత కావాలో అంతే ఇచ్చే మనిషి ఉన్న మైదానం తక్కువ నీళ్లు తాగుతుంది. అట్లాంటి మనిషిని తయారుచేయడం ఆ ఆటను పొగడటం కాదు. ఆ చదువు రేపు డ్రిప్ పెట్టుకునే మన మామిడి తోటకూ పనికొస్తుంది.

పనికొచ్చే చోట్లు ఇంకా ఉన్నాయి కాబట్టే ఈ పాఠం చెప్పే ధైర్యం నాకు. గోల్ఫ్ ఒక్కటే నమ్ముకొమ్మని ఏ పిల్లవాడికీ చెప్పను, మన రాష్ట్రంలో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ ఉప్పల్ క్రికెట్ స్టేడియం ఉంది, శంషాబాద్ విమానాశ్రయం చుట్టూ పచ్చిక ఉంది, సాఫ్ట్‌వేర్ కంపెనీల ఆవరణలున్నాయి, టౌన్‌షిప్పులున్నాయి. మన ఇంటి పక్కనే గోదావరిఖనిలో ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టలున్నాయి. వాన పడితే కరిగి వాగుల్లోకి దిగే ఆ గుట్టల వాలును పట్టి ఉంచాలంటే మొదట కావాల్సింది గడ్డి వేరే. అమెరికాలో మోంటానా రాష్ట్రంలో అనకొండ అనే ఊరుంది. రాగి కరిగించే ఫ్యాక్టరీ వదిలిపోయిన విషపు నేలను కప్పి, 1997లో దాని మీద గోల్ఫ్ మైదానం తెరిచారు. జాక్ నిక్లాస్ గీసిన మైదానం. బంతికి అడ్డంగా ఉంచే ఇసుక పల్లాల్లో ఇసుకకు బదులు ఆ ఫ్యాక్టరీ నల్ల చిట్టెమే పోశారు. మనకు గోల్ఫ్ మైదానం అక్కర్లేదు. చచ్చిన మట్టి మీద గడ్డి నిలబెట్టే విద్య మాత్రం సింగరేణి ఊళ్లకు కావాలి.

దీనికోసం కొత్త కాలేజీ కట్టమని అడగడం లేదు. రామగిరి ఖిల్లా దగ్గర ఉద్యాన పాలిటెక్నిక్ ఉంది, పదో తరగతి అయిన పిల్లలకు రెండేళ్ల డిప్లొమా. జగిత్యాల పొలాసలో వ్యవసాయ కళాశాల, పరిశోధన స్థానం ఉన్నాయి. ములుగులో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు మీద ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ములుగంటే జిల్లా ములుగు కాదు, సిద్దిపేట వైపుది. పచ్చిక అనేది వాళ్ల సిలబస్‌లో పూల తోటల పాఠంలో ఒక మూలన ఉంటుంది. ఆ మూలను కొంచెం పెద్దది చేసి, ఒక సెమిస్టర్ హైదరాబాదు మైదానంలో పని చేయించి, ఇంగ్లీషులో రోజువారీ రిపోర్టు రాయడం నేర్పితే సగం పని అయినట్టే. మిగతా సగానికి నా దగ్గర ఒక మొండి కోరిక ఉంది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మన గార్డెన్ పనివాళ్లను ఆ క్లాసులోకి పిలవాలి. కొన్నాళ్లు విద్యార్థిగా, కొన్నాళ్లు మాస్టర్‌గా. కోత మిషన్ బ్లేడు కాగితం ముక్కను తెగ్గోసేటట్లు సర్దడం నాకంటే వాళ్లకు బాగా వచ్చు. ముందే వచ్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకంలో ఉండనే ఉంది. విదేశాలకు పంపడానికి మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. ఏజెంటు చేతిలో అప్పుచేసిన డబ్బు పోసి లేబర్ వీసా మీద పోయేవాడు, ఈసారి చేతిలో కాగితంతో స్ప్రింక్లర్ టెక్నీషియన్‌గా పోతే ఎట్లుంటుంది?

వింటున్న మాస్టర్లలో ఎవరికైనా మనసు కలిగితే మొదలుపెట్టే పద్ధతి చెప్పి ముగిస్తాను. కాలేజీ ఆవరణలో పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు జాగ చాలు. అడుగున్నర తవ్వి, కింద కంకర, పైన కడిగిన దొడ్డు ఇసుకలో కొంచెం మాగిన ఎరువు కలిపి పోయండి. కంపెనీ సంకర గరిక దొరికితే మంచిదే, లేకుంటే గెట్టు మీది గరికే తెచ్చి కణుపులు నాటండి. నాటు గరిక మూడు మిల్లీమీటర్ల కోతకు తట్టుకోదు, పన్నెండు పదిహేను దగ్గర ఆపాలి. నేర్చుకోవడానికి అదే ఎక్కువ. పిల్లలు జట్లుగా విడిపోయి ఎవరి మూలకు వాళ్లు నీళ్లు కొలిచి పోయాలి, కోసిన గడ్డిని తూచి పుస్తకంలో రాయాలి. మృగశిర కార్తెలో, కాలేజీలు తెరిచే రోజుల్లో నాటితే వాన చూసుకుంటుంది. పుష్యమి వచ్చేసరికి మొదటి కోతకు సిద్ధమవుతుంది. అప్పటిదాకా ఆ జాగలోకి మేకలు రాకుండా కంచె ఒకటి వేయించుకోండి, ప్రిన్సిపాల్ గారి దగ్గర సంతకం ముందే తీసుకోండి.